మరక పడని తిండి

కిందటి వారం మన కొత్త కోడల్ని మెట్ల మీద వదిలేసి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో ఒక కాగితం.

ఆ కాగితం చొక్కాల ఫ్యాక్టరీ వాళ్ళ నోటీసు. రెండో అంతస్తులో ఉండే బొత్తాల పిన్ని తలుపు సందులోంచి చెయ్యి చాపి ఇచ్చింది. ఆ ఫ్యాక్టరీలో చొక్కాలకు బొత్తాలు కుట్టేది ఆవిడే కాబట్టి ఆ పేరు. "మీ అత్త నిన్న పెందరాళే వచ్చేసింది, గేటు దగ్గర ఇది చూసుండదు. నువ్వే ఇవ్వు తల్లీ, నాకు నోరు రావట్లేదు" అని చెప్పి టక్కున తలుపేసుకుంది.

నోటీసు చిన్నదే. "ఆరోగ్య సర్వేలో 'న' గుర్తు పడిన పద్దెనిమిది మంది సోమవారం నుంచి కుట్టు మిషన్లు వదిలి ప్యాకింగ్ హాలుకు మారాలి. నిలబడి పనిచేయడం వల్ల బరువు తగ్గుతుంది." కింద పేర్లు లేవు, మిషన్ల నంబర్లు ఉన్నాయి. ఏడోది ముప్ఫై నాలుగు. ముప్ఫై నాలుగో మిషను మీద పందొమ్మిదేళ్ళుగా చొక్కాలకు చేతులు అతికేది ఆమె అత్తగారు. ఎడమ మోకాలు వాచిపోయి, ఇంట్లో మంచినీళ్ళకు లేవాలన్నా గోడ పట్టుకునే మనిషి. ప్యాకింగ్ హాల్లో పది గంటలు నిలబడటమంటే ఉద్యోగం మానేయడమే.

అంతవరకే అయితే కోడలు పరుగున పైకెళ్ళి అత్తగారిని కావలించుకుని ఏడ్చేది. కానీ ఆ "న" గుర్తు పెట్టింది ఎవరనుకున్నారు? ఈ పిల్లే! ఆరోగ్య శాఖ ఆఫీసులో ఆహార సలహాదారు ఉద్యోగం ఆమెది. పెళ్ళికి రెండు నెలల ముందు ఊరంతా బరువుల సర్వే జరిగింది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని తూచి ప్రశ్నలడిగింది వేరే అమ్మాయి. కాగితాలు బల్ల మీదికి వచ్చాక, బరువు ఎక్కువుండి కూడా "రోజుకు ఒక్కసారే తింటాను" అని చెప్పినవాళ్ళ పక్కన ఎర్ర పెన్నుతో "న" అని పెడుతూ పోయింది మాత్రం ఈమె. న అంటే నమ్మదగనిది. మొహాలు చూడలేదు. నంబర్లే చూసింది.

ఇంక అక్కడే ఎంతసేపని నిలబడుతుంది? సంచి బరువుకి వేళ్ళు ఎర్రబడ్డాయి. పైకెక్కింది.

తలుపు తీయగానే ఉల్లిపాయల ఘాటు. లోపల ఆమె మొగుడు, వృత్తి రీత్యా లిఫ్టు మెకానిక్, వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టుకుని మహా గంభీరంగా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్ళు మండకుండా ఉండటానికి అతను కనిపెట్టిన ఉపాయం అది. పెళ్ళై నలభై ఒక్క రోజులు. ప్రతి ఆదివారం ఈ దృశ్యం చూస్తున్నా ఆమెకు నవ్వు ఆగదు, ఇంత మంచి మనిషి తనకెలా దొరికాడా అనే ఆశ్చర్యమూ ఆగదు. ఇవాళ మాత్రం నవ్వు గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

అత్తగారు కుర్చీలో కూర్చుని, ఎడమ కాలు స్టూలు మీద చాపుకుని, బఠానీలు ఒలుస్తోంది. ఆవిడ బఠానీలు ఒలవడం కూడా చేతులు అతికినట్టే ఉంటుంది. కాయ నొక్కడం, బొటనవేలు లాగడం, తొక్క ఎడమకి, గింజలు కుడికి. ఒక్క గింజ కింద పడదు.

"ఏమే, కూరలు తెమ్మంటే విత్తనాలు చల్లి, మొలిచేదాకా ఉండి కోసుకొచ్చావా?"

"అత్తయ్యా, మీకో కాగితం. చదివాక నన్ను తిట్టాలి. తిట్టకపోతే నేనివాళ అన్నం తినను."

"ముందే బెదిరింపా? ఇటివ్వు. నా కళ్ళజోడేదీ?"

"నీ తల మీదే ఉందమ్మా" అన్నాడు కొడుకు, వెల్డింగ్ అద్దాల్లోంచి చూస్తూ.

ఆవిడ పెదాలు కదుపుతూ చదివింది. వేలు నంబర్ల మీద ఒక్కొక్కటే దిగుతూ వచ్చి ఏడో దాని దగ్గర ఆగింది. అల్లరి చేసి వచ్చిన పిల్లాడిని చూసినట్టు తన మోకాలి వైపు చూసుకుంది.

"ప్యాకింగ్ హాలా? ఈ 'న' ఏంటి?"

"నమ్మదగనిది అని."

"ఏం నమ్మదగనిది? నా కుట్టా?" ఆవిడ గొంతు లేచింది. "పందొమ్మిదేళ్ళలో నేనతికిన చెయ్యి ఒక్కటి ఊడి వచ్చిందేమో చూపించమను! మనిషిని పట్టుకు వేలాడినా నా చెయ్యి ఊడదు!"

"కుట్టు కాదత్తయ్యా. మీ మాట. రోజుకు ఒక్కసారే తింటానన్నారు కదా, సర్వేలో. అది."

"ఎవరు రాశారు?"

బఠానీలు ఆగిపోయాయి. ఉల్లిపాయల మీద కత్తి కూడా ఆగింది.

"నేనే" అంది కోడలు. "మీరని తెలీదు. నంబరు చూసి పెట్టాను."

అత్తగారు ఇంకో కాయ తీసుకుంది. నెమ్మదిగా ఒలిచింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, ఎదురు కుర్చీ చూపించింది.

"కూర్చోండి, ఆఫీసరమ్మ గారూ."

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. నలభై ఒక్క రోజులుగా "ఏమే", "ఒసేయ్", "నా తల్లే" తప్ప ఇంకో పిలుపు ఎరగని ఇల్లు అది. ఆవిడ నోటి వెంట "అండి" రాగానే వంటిల్లు అమాంతం పెద్దదైపోయి, తను ఎక్కడో ఆ చివర కూర్చున్నట్టు అనిపించింది కోడలికి.

"ముప్ఫై నాలుగు అబద్ధాలకోరు, నేను మాత్రం మంచిదాన్ని. అంతేనాండీ?"

"అత్తయ్యా..."

"అడగండి. ఆ రోజు అడగని ప్రశ్నలు ఇప్పుడడగండి. మీ చేత్తోనే రాసుకోండి. నా మొహం చూసి రాసుకోండి."

కొడుకు మధ్యలో ఏదో అనబోయాడు. "నువ్వు ఉల్లిపాయలు చూడు" అంది తల్లి. అతను చూశాడు.

మర్నాడు చివరి నివేదిక రాయాలని సర్వే కాగితాలు ఇంటికి తెచ్చుకుని ఉంది కోడలు. వాటిలోంచి ఒక ఖాళీ ఫారం తీసింది.

"రోజుకు ఎన్నిసార్లు తింటారు?"

"ఒక్కసారి. రాత్రి ఎనిమిదింటికి. ఈ బల్ల దగ్గర. మా అబ్బాయి, వాడి పెళ్ళాం, నేను."

"పొద్దున?"

"తినను."

"మధ్యాహ్నం?"

"తినను. రాసుకోండి."

కొడుకు ఆగలేకపోయాడు. "మరి మొన్న నీ సంచి దులిపితే బన్నుల కాగితాలు నాలుగు పడ్డాయి కదమ్మా?"

"పడితే?"

"మరి తిన్నట్టే కదా?"

"బన్ను తినడమేంట్రా, నీ మొహం! మిషను తొక్కుతూ నోట్లో పడేసుకున్నాను. దాన్ని తినడమంటారా ఎవరైనా?"

కోడలి పెన్ను కాగితం మీద చుక్క పెట్టి అక్కడే ఉండిపోయింది. చదువుకున్న నాలుగేళ్ళలో ఏ పుస్తకంలోనూ ఈ ముక్క లేదు.

"పడేసుకోవడం తినడం కాదా అత్తయ్యా?"

"ఎలా అవుతుందండీ? తినడమంటే చెయ్యి కడుక్కోవాలి. కూర్చోవాలి. ముందు కంచం ఉండాలి. 'ఇంకాస్త వేసుకో' అని ఒకళ్ళు అనాలి, 'చాలు చాలు' అని మనం అనాలి. ఇవేవీ లేకుండా నోట్లో పడింది తిండెలా అవుతుంది? నేనొక్కదాన్నే కాదు, ఆ హాల్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు."

చెప్పారు కూడా. పద్దెనిమిది మందీ ఇదే చెప్పారు. "ఎన్నిసార్లు తింటారు" అని అడిగితే, కూర్చుని తిన్న పూటని నిజాయితీగా లెక్కపెట్టి, ఒక్కసారి అన్నారు.

కోడలు ఫారం పక్కన పెట్టేసింది. "సరే. ఏం తింటారని అడగను. నోట్లో ఏమేం పడేసుకుంటారు? పొద్దున్నించీ చెప్పండి."

ఇలా అడిగేసరికి ఆవిడ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. బస్సులో నాలుగు బిస్కెట్లు. మిషను ఎక్కగానే టీ. పదింటికి ఒక బన్ను, ఇంకో టీ. పన్నెండున్నరకి రెండు బన్నులు, మళ్ళీ టీ. మూడింటికి తీపి రొట్టె. రోజు పని ముందే పూర్తయితే సూపర్‌వైజరు ఆనందంగా పంచిపెట్టే క్రీము బిస్కెట్ల పొట్లం. వెళ్ళేముందు ఇంకో బన్ను, ఇంకో టీ.

"టీలో చక్కెర?"

"చెంచా నిలబడాలి."

"మంచినీళ్ళు?"

"తాగితే బాత్రూంకి వెళ్ళాలి. వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర బిళ్ళ అడిగి తీసుకోవాలి. అరవై మందికి రెండే బిళ్ళలు. అందుకని తాగం."

"ఇంటినుంచి అన్నం డబ్బా పట్టుకెళ్ళచ్చు కదా? నేను కట్టిస్తానని ఎన్నిసార్లన్నా వద్దంటారు." ఆ మాటలో కొంచెం నిష్ఠూరం ఉంది. పెళ్ళైన మూడో రోజునే ముచ్చటపడి మూతకి పువ్వు బొమ్మ ఉన్న డబ్బా కొని తెచ్చింది ఆమె. అత్తగారు అందులో బొత్తాలు దాచుకుంటోంది.

"కూర లోపలికి రానివ్వరండీ. రెండేళ్ళుగా మేం కుట్టేవన్నీ తెల్ల చొక్కాలు. ఒక్క మరక పడితే పెట్టె మొత్తం తిరిగొస్తుంది. నూనె వద్దు, పులుసు వద్దు, పండు వద్దు, గుడ్డు వద్దు. మరక పడని తిండే మిషను దగ్గరికి రావాలి. బన్నుకి మరక ఉండదు. బిస్కెట్టుకి ఉండదు. రంగు చొక్కాలు కుట్టే రోజుల్లో ఇలా ఉండేది కాదు. పక్క మిషనామె కూర నేనూ, నా కూర ఆవిడా..."

"కింద భోజనాల గది ఉంది కదమ్మా" అన్నాడు కొడుకు.

"ఉంది. ఇరవై నిమిషాలిస్తారు. మెట్లు దిగడానికి నాలుగు. కుళాయి దగ్గర వరసలో ఎనిమిది. చేతులు ఆరబెట్టి అటూ ఇటూ తిప్పి చూపించి పైకెక్కడానికి ఐదు. మిగిలిన మూడు నిమిషాల్లో నువ్వు తిని చూపించు, చూస్తాను."

రెండేళ్ళు. కోడలికి ఒక్కసారిగా కనిపించింది. తలుపు వెనక వేలాడుతున్న అత్తగారి యూనిఫాం. దాని పక్కలు రెండుసార్లు విప్పి, లోపలి గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టుకున్న గీతలు. కుట్టిన మనిషి పనిమంతురాలు కాబట్టి దగ్గరికి వెళ్తే తప్ప తెలియవు. ఆ గీతల వెనకున్న బరువుకి కారణం సోమరితనమా, నోరు కట్టుకోలేకపోవడమా అని ఆఫీసులో ఎంత చర్చ జరిగింది! ఎవరికీ తట్టలేదు, కుట్టే గుడ్డ రంగు మారిందని.

"మరి ఆ అద్దాల మేడలో?" అంది అత్తగారు. బఠానీలు మళ్ళీ మొదలయ్యాయి. "అక్కడ కూడా తూచారట కదా. వాళ్ళలో ఎవరికీ రాలేదా ఈ 'న'?"

అద్దాల మేడ అంటే పెద్ద రోడ్డు మీద పన్నెండంతస్తుల ఆఫీసు. అక్కడి లిఫ్టులు బాగుచేసేది కొడుకే.

"వాళ్ళకెందుకు వస్తుందమ్మా? నేను నూనె పోసి, తాడు మార్చి లిఫ్టు సిద్ధం చేస్తే, ఒక్కడూ ఎక్కడు. ఆరోగ్యమని మెట్లెక్కుతారు. చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుంది. తినడానికి గంట టైము. ఒకాయన బాదం పప్పులు ఆరు లెక్కపెట్టుకుని తింటాడు, ఏడోది డబ్బాలో పెట్టేస్తాడు. ఇక్కడ మూడంతస్తులకి లిఫ్టు లేదు, నువ్వు గోడ పట్టుకుని ఎక్కుతావు."

కోడలు ఆ కాగితాలు తిరగేసింది. అక్కడికి తనే వెళ్ళింది. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, అందరూ చిరునవ్వుతో మాట్లాడారు. చాలామంది సన్నగానే ఉన్నారు. కానీ అందరూ కాదు. ఒకటి, రెండు, మూడు... నాలుగు కాగితాలు దొరికాయి. బరువు ఎక్కువ. "ఒక్కపూటే భోజనం." అచ్చం ఇలాగే. పక్కన తన దస్తూరి, నీలం సిరాతో.

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది, ఆపితే మళ్ళీ చదవలేనేమో అన్నట్టు.

"'థైరాయిడ్ పరీక్ష చేయించాలి.' 'నిద్ర సరిపోతోందా, అడగాలి.' 'పని ఒత్తిడి ఎక్కువ, సలహా ఇవ్వాలి.' 'మళ్ళీ కలిసి మాట్లాడాలి.'"

కొడుకు వెల్డింగ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒకే మాట చెప్పారత్తయ్యా. వాళ్ళు చెబితే జబ్బేమో అనుకున్నాను. మీరు చెబితే అబద్ధం అనుకున్నాను."

ఆమె ఏడుపు చప్పుడు లేకుండా మొదలై, బఠానీల గిన్నె ముందు ముక్కు చీదుకునే దాకా వచ్చింది. అత్తగారు కాసేపు చూసింది. కోడలి మొహాన్ని, ఆ నాలుగు కాగితాలని, మళ్ళీ మొహాన్ని. తర్వాత గిన్నె పక్కకి లాక్కుంది.

"ఇటు కార్చకే. కూర ఉప్పగా అయిపోతుంది."

"కార్చకే"! ఆ చివర "కే" విన్నారా? కోడలు విన్నది. పెళ్ళిలో వచ్చిన కానుకలన్నీ ఒకవైపు పెట్టి, ఆ ఒక్క అక్షరం ఇంకోవైపు పెడితే, తూకం ఎటు మొగ్గుతుందో ఆమెను అడగక్కర్లేదు. ఏడుస్తూనే నవ్వేసింది. మొగుడు ఉల్లిపాయల వల్లే అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

"తిట్టమన్నావుగా. సాయంత్రం తీరిగ్గా తిడతాను" అంది అత్తగారు. "ముందు కిందికెళ్ళి బొత్తాల పిన్నినీ, ఎదురింట్లో కాలర్లు కుట్టే కాలరక్కనీ పిలుచుకురా. వాళ్ళ నంబర్లూ ఉన్నాయి ఇందులో. నా ఒక్కదాని కుర్చీ దొరికితే నేను కూర్చోను."

సాయంత్రానికి ఆ వంటింట్లో పద్నాలుగు మంది పోగయ్యారు. మిగతా నలుగురూ ఫోనులో చెప్పారు. ప్రశ్న ఒక్కటే, కొత్తది. దానికి వచ్చిన జవాబులకు కాగితం చాల్లేదు.

"నేనేం పడేసుకోను బాబూ" అంది కాలరక్క.

"ఆ జేబులో గలగలలేంటే మరి?"

"అవి చాక్లెట్లు. అవి చప్పరించడం. పడేసుకోవడం వేరే."

"చప్పరించేవి కూడా రాయి పిల్లా! లేకపోతే ఇది తప్పించుకుంటుంది!"

"వదినా, నీ ఆరు టీలు చెప్పావా?"

"ఆరో టీ నీది. నువ్వు సగం తాగి ఇచ్చావు."

"అయితే చెరో సగం రాయమ్మా, మళ్ళీ నమ్మదగనిది అంటారు!"

నవ్వులు మూడంతస్తులూ వినిపించాయి. ఆ రాత్రి కూర నిజంగానే ఉప్పగా ఉంది. ఎవరూ పైకి అనలేదు, ఇద్దరు రెండోసారి వడ్డించుకున్నారు.

సోమవారం ఏడు గంటలకల్లా అత్తా కోడళ్ళిద్దరూ మేనేజరు గదిలో ఉన్నారు. గదికి ఒక గోడంతా అద్దం. అవతల కుట్టే హాలు, అరవై మిషన్లు, వాటి మీద మంచు కురిసినట్టు తెల్ల గుడ్డ. మేనేజరు పెద్ద పొట్ట, పెద్ద మనసు ఉన్న మనిషి. మనసు సంగతి ఎక్కువ మందికి తెలీదు, పొట్ట సంగతి అందరికీ తెలుసు.

"నేను మంచికే చేశానమ్మా" అన్నాడు ముందే. "నిలబడితే కొవ్వు కరుగుతుందని మీ ఆఫీసు కరపత్రంలోనే ఉంది."

కోడలు తను రాసిన సవరణ కాగితం ముందు పెట్టింది. పద్దెనిమిది మంది జవాబులు, కింద తన సంతకం. మొదటి వాక్యం ఇలా ఉంది: "ఈ సర్వేలో నమ్మదగనిది నేనడిగిన ప్రశ్న."

అతను రెండుసార్లు చదివాడు. ఇరవై నిమిషాల లెక్క దగ్గర ఆగి, వేళ్ళతో కూడుకున్నాడు.

"మూడు నిమిషాలా?" అన్నాడు.

"మొన్న మీరూ లెక్కవేసుకుని ఉంటే ఈ నోటీసు పెట్టేవాళ్ళు కాదు సారూ" అంది అత్తగారు.

"సరే, అందరూ కూర తెచ్చుకున్నారనుకో. మరక పడితే? పెట్టె తిరిగొస్తే నా తల పోతుంది."

ఆవిడ సంచిలోంచి ఒక గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పాత దుప్పటితో ముందురోజు సాయంత్రమే కుట్టింది. ముందువైపు మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పే పై చొక్కా. మణికట్టు దగ్గర బిగుతుగా పట్టే చేతులు. "భోజనాల గదిలో ఇది తొడుక్కుని తింటాం. పైకెక్కేముందు విప్పేసి కొక్కేనికి తగిలిస్తాం. కత్తిరింపు ముక్కలు ఇస్తే అరవై కుట్టేస్తాం. కుళాయిలు ఇంకో రెండు పెట్టించండి. ఇంకో పది నిమిషాలివ్వండి. ఒక్క మరక పడితే అప్పుడు నన్ను నిలబెట్టండి."

మేనేజరు ఆ చేతుల అతుకుని వేలితో లాగి చూశాడు. ఊడలేదు. ఊడదని ఆవిడ మొహంలోనే ఉంది.

"బాగానే ఉంది. కానీ 'న' గుర్తు ఉన్నది ఆఫీసు కాగితం మీద. మీ ఆఫీసరు గారే దాన్ని కొట్టేయాలి. పదకొండింటికి వస్తానన్నారు. అప్పటిదాకా ఎవరి మిషను మీద వాళ్ళు కూర్చోండి."

నాలుగు గంటలు! అత్తగారు ముప్ఫై నాలుగో మిషను ముందు కూర్చోవడం కోడలు అద్దంలోంచి చూసింది. ఆవిడ కుర్చీని ఒకసారి చేత్తో తడిమి, మోకాలు సర్దుకుని, సూదిలోకి దారం ఎక్కించింది. మిషను మోగింది. ఆ చప్పుడు ఇంత ఇంపుగా ఉంటుందని ఎవరైనా చెబితే నిన్నటిదాకా కోడలు నమ్మేది కాదు.

ఆఫీసరు గారు పదకొండుకి ఐదు నిమిషాల ముందే కుట్టే హాల్లోకి వచ్చారు. సన్నగా, నిటారుగా, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారంతో. వెనకే డ్రైవరు, తూచే యంత్రంతో. సవరణ కాగితం చదివి పక్కన పెట్టారు.

"ఎవరి వంటింట్లోనో కూర్చుని రాసింది నేను లెక్కలోకి తీసుకోలేను. మళ్ళీ తూస్తాను, నా ముందే అడగండి. జవాబులు సరిపోతే కొట్టేస్తాను. మనిషి అనుకుంటే బరువెంతసేపమ్మా? నేను రోజుకి పదివేల అడుగులు వేస్తాను."

"వేయడానికి మీకు దారుంది సారూ" అంది వరసలో మొదట నిలబడ్డ అత్తగారు. "మాకు మిషనుకీ మిషనుకీ మధ్య మూడు అడుగులే ఉంది."

వెనక కిసుక్కుమన్నారు. ఆఫీసరు గారు కూడా కొంచెం నవ్వారు. పరవాలేదు, బాగానే జరిగేటట్టుంది అనుకుంది కోడలు. అత్తగారు చెప్పులు విప్పి యంత్రం ఎక్కింది. ఎక్కి, హుషారుగా అనేసింది.

"అడగండి సారూ, ఏం దాచను. మా పిల్ల రాసుకుంటుంది."

ఆఫీసరు గారి తల మెల్లగా లేచింది. "మా పిల్ల అంటే?"

కోడలు నాలిక కరుచుకుంది. చెప్పాలనుకుంది, పొద్దున్నే చెప్పాలనుకుంది, ఆ కాగితం మీద రాయాలని కూడా అనుకుంది. ఎలా మర్చిపోయింది?

"మా కోడలండీ!" అత్తగారి మొహం వెలిగిపోతోంది. "పెళ్ళై నలభై రెండు రోజులు."

ఆఫీసరు గారు సవరణ కాగితాన్ని మళ్ళీ తీసుకున్నారు. కింద సంతకం చూశారు. పైన ముప్ఫై నాలుగు చూశారు. నాలుగు మడతలు పెట్టారు.

"సొంత అత్తగారి గుర్తు కోడలే మారుస్తుందా? ఇది చెల్లదు. మొత్తం పద్దెనిమిదీ చెల్లవు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అత్తగారు యంత్రం మీదే నిలబడిపోయింది, తన నోటి మాటే తన కుర్చీని లాగేసిందని అప్పుడప్పుడే అర్థమవుతుంటే. కోడలు ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"చెప్పకపోవడం నా తప్పు సార్. జవాబులు మాత్రం తప్పు కాదు. ఇంకెవరి చేతైనా అడిగించండి. ఇంకెవర్నైనా అడగండి."

"ఎవర్ని? ఇక్కడున్నవాళ్ళంతా మీకు పిన్నులూ, అక్కలూ, వదినలే కదా."

నిజమే. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు గది గుమ్మం దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది.

మేనేజరు వంగి, ఆయాసపడుతూ బూట్లు విప్పుతున్నాడు. ఒకటి విప్పాడు. రెండోది విప్పాడు. మేజోళ్ళతో నడిచి వచ్చి, అత్తగారిని చెయ్యి పట్టి మర్యాదగా దింపి, తనే యంత్రం ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"నేనీ అమ్మాయికి ఏమీ కాను" అన్నాడు ఆఫీసరు గారితో. "పదేళ్ళుగా ఆ అద్దాల గదిలోనే ఉంటున్నాను. నేనూ రోజుకు ఒక్కసారే తింటాను సార్. నన్నడగండి. తను అడిగిన ప్రశ్నే అడగండి."

ఆఫీసరు గారు ముల్లు వంక చూశారు, మేనేజరు వంక చూశారు. చేతిలో మడత కాగితం ఒక్కో మడతా విప్పారు.

"పొద్దున్నించీ," అని ఆగి, ఆ మాట నోటికి కొత్తగా ఉన్నట్టు సాగదీసి అడిగారు, "నోట్లో... ఏమేం పడేసుకున్నారు?"

మేనేజరు కుట్టే హాలు వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, మొదటి వేలు మడిచాడు.